ఎదుటివారి మనసు మారాలంటే: వాదన ఆపి అడగడం ఎలా

నాన్న చెవి మిషన్ రెండేళ్లపాటు అలమరలో డబ్బాలోనే ఉండిపోయింది. కొన్న కొత్తలో ఒక వారం పెట్టుకున్నారు, ఆ తర్వాత తీసి లోపల పెట్టేశారు. ఆ రెండేళ్లలో నేను ఆయనకు చెప్పని మాట లేదు. డాక్టర్ చెప్పిందంతా మళ్లీ చెప్పాను. పెట్టిన డబ్బు దండగైందన్నాను. కొన్నిసార్లు కోప్పడ్డాను, కొన్నిసార్లు బతిమాలాను. ఎప్పుడు చెప్పినా ఆయన జవాబు ఒకటే: "నాకు బాగానే వినబడుతోంది. మీరే గొణుగుతున్నారు." కొన్నాళ్లకు ఒక సంగతి గమనించాను. మొదట్లో "చూద్దాంలే" అన్న మనిషి ఇప్పుడు "అక్కర్లేదు" అంటున్నారు. నేను వాదించిన కొద్దీ ఆయన తన వాదనను ఇంకా బాగా సాధన చేశారన్నమాట.

మీ చుట్టూ కూడా ఇలాంటి మనిషి ఒకరుండే ఉంటారు. సిగరెట్ మానని అన్నయ్య కావచ్చు, పరీక్షలు చేయించుకోమంటే వాయిదా వేసే అమ్మ కావచ్చు, కొత్త పద్ధతి అనగానే మొహం తిప్పుకునే సహోద్యోగి కావచ్చు. వాళ్లతో ఎలా మాట్లాడాలో నేను నేర్చుకున్నంత వరకు ఇక్కడ చెబుతాను. అంతా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. మనం ఇచ్చే కారణం ఎంత గట్టిదైనా అది మనదే. మనిషి కదిలేది తన నోటితో తాను చెప్పుకున్న కారణానికి. ఆ కారణం చాలావరకు ఆయన దగ్గర ముందే ఉంటుంది. అది బయటికి వచ్చేలా అడగడమే మన పని.

నిజం మన వైపున్నంత మాత్రాన సరిపోదు

1847లో వియన్నాలోని ఒక పెద్దాసుపత్రి ప్రసూతి వార్డులో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ పనిచేసేవారు. తోటి డాక్టర్లు శవపరీక్షలు చేసి, అవే చేతులతో వచ్చి కాన్పులు చేస్తున్నారనీ, బాలింతలు జ్వరమొచ్చి చనిపోవడానికి అదే కారణమనీ ఆయన కనిపెట్టారు. క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కునే లోపలికి రావాలని నియమం పెట్టారు. ఏప్రిల్‌లో ఆ వార్డులో నూటికి 18 మంది బాలింతలు చనిపోతే, జూన్‌కల్లా అది 2 చిల్లరకు పడిపోయింది. ఇంతకంటే రుజువేం కావాలి? అయినా చాలామంది డాక్టర్లు ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే, అన్నాళ్లూ ఆ తల్లులు చనిపోయింది తమ చేతుల వల్లేనని ఒప్పుకున్నట్టే. ప్రాణం పోయడమే వృత్తిగా పెట్టుకున్న మనిషికి అది మోయలేని మాట. తర్వాతి రోజుల్లో సెమ్మెల్‌వైస్ విసిగిపోయి, ఒప్పుకోని వాళ్లను హంతకులంటూ బహిరంగ లేఖలు రాశారు. వాళ్లు ఇంకా బిగుసుకున్నారు. ఆయన 1865లో ఒక పిచ్చాసుపత్రిలో చనిపోయారు.

నాకు ఈ కథ గుర్తొచ్చినప్పుడల్లా బాధ కలుగుతుంది. దీన్నుంచి తీసుకోవలసిన ప్రశ్న ఒకటుంది, మాట్లాడబోయే ముందు దాన్ని కాగితం మీద రాసుకోండి: "నా మాట ఒప్పుకుంటే ఆ మనిషి తన దృష్టిలో తాను ఏమైపోతాడు?" మా నాన్న విషయంలో జవాబు తేలిక. ఆ మిషన్ పెట్టుకుంటే ఆయన ముసలివాడైపోయినట్టు. రెండేళ్లూ నేను వినికిడి గురించే మాట్లాడాను. ఆయన మాత్రం ముసలితనంతో పోట్లాడుతున్నారు.

మొదటి అడుగు: ముందు మీ మనసు సంగతి చూసుకోండి

చిన్న పరీక్ష. 2, 4, 6. ఈ మూడు అంకెలూ నా మనసులో ఉన్న ఒక నియమానికి సరిపోతాయి. ఆ నియమం ఏమిటో మీరు కనుక్కోవాలి. మీరు ఏ మూడు అంకెలు చెప్పినా అవి నియమానికి సరిపోతాయో లేదో నేను చెబుతాను. మీరేం చెబుతారు? 8, 10, 12 అంటారు. సరిపోయింది. 20, 22, 24 అంటారు. అదీ సరిపోయింది. "రెండేసి చొప్పున పెరిగే సరి సంఖ్యలు" అని ధీమాగా జవాబిస్తారు. తప్పు. నియమం అంతకంటే చాలా మామూలుది: ఒకదానికంటే ఒకటి పెద్దదైన ఏ మూడు అంకెలైనా సరే. 1, 7, 90 అన్నా సరిపోయేది. 6, 4, 2 అని ఒక్కసారి అడిగుంటే దారి దొరికేది, కానీ తన ఊహ తప్పని తేల్చే ప్రశ్న అడగడం మనసుకు సహజంగా రాదు. పీటర్ వేసన్ అనే సైకాలజిస్ట్ 1960లో చేసిన ఈ ప్రయోగంలో ఎక్కువమంది మొదటి జవాబు తప్పే చెప్పారు.

మనసు పనిచేసే తీరే అంత. నమ్మినదానికి సాక్ష్యాలు ఏరుకుంటుంది. ఎదుటివారి మనసూ అంతే, మీదీ అంతే. అందుకే మాట్లాడబోయే ముందు రెండు విషయాలు రాసుకోండి. ఒకటి, ఏం తెలిస్తే నా అభిప్రాయం మార్చుకుంటాను? దీనికి మీ దగ్గర జవాబే లేకపోతే, ఆ రోజుకు సంభాషణ మొదలుపెట్టకండి. రెండు, ఇది నాకెందుకు కావాలి? నా జవాబు నాకే ఇబ్బందిగా అనిపించింది. ఆయన ఆరోగ్యం గురించిన బెంగ నిజమే, కానీ రోజూ అరిచి అరిచి అలసిపోవడం కూడా అంతే నిజం. అది రాసుకున్నాక నా గొంతులో ఉన్న నీతి కొంచెం తగ్గింది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మనసును కదిలించే పద్ధతులు తెలిస్తే వాటిని మోసానికీ వాడొచ్చు. తేడా తెలుసుకోవడానికి నేను వాడే గీటురాయి ఇది: నేనేం చేస్తున్నానో ఆ మనిషికి ముందే చెప్పగలనా? "నాన్నా, మీరు మిషన్ పెట్టుకుంటే బాగుండునని నా కోరిక, అందుకే అడుగుతున్నాను" అని చెప్పగలిగితే చేయండి. దాచిపెడితేనే పనిచేసే పద్ధతైతే జోలికి పోకండి.

రెండో అడుగు: నలుగురిలో వద్దు

1951లో సాలమన్ యాష్ అనే సైకాలజిస్ట్ ఒక గదిలో కొంతమందిని కూర్చోబెట్టి, రెండు కార్డులు చూపించారు. ఒకదాని మీద ఒక గీత, ఇంకోదాని మీద మూడు గీతలు. ఆ మూడింట్లో ఏది మొదటిదానితో సమానమో చెప్పాలి, అంతే. గదిలో ఒక్కరే అసలు మనిషి, మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకుని కావాలని తప్పు చెబుతారు. కళ్లకు స్పష్టంగా కనబడుతున్నా, నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా గుంపుతో పాటు తప్పు జవాబే చెప్పారు. అదే జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాయమంటే, గుంపు వెనక పోవడం బాగా తగ్గిపోయింది.

కాబట్టి బంధువులంతా చేరినప్పుడో మీటింగ్‌లోనో అందరూ కలిసి ఒకరి మీద పడితే వచ్చే "సరేలే" ఆ గది దాటదు. ఒక్కరే వెళ్లండి. ఆకలిగా, అలసటగా ఉన్నప్పుడు, అప్పుడే గొడవ జరిగినప్పుడు వద్దు. ఎదురెదురుగా కూర్చోవడం కంటే పక్కపక్కన నడుస్తూనో, ఏదో పని చేసుకుంటూనో మాట్లాడితే తేలిగ్గా ఉంటుందని నా అనుభవం.

మూడో అడుగు: వద్దనే హక్కు ముందే ఇచ్చేయండి

తన స్వేచ్ఛకు అడ్డొస్తున్నారని అనిపించగానే మనసు ఎదురు తిరుగుతుంది. జాక్ బ్రెమ్ అనే సైకాలజిస్ట్ 1966లో దీన్ని సిద్ధాంతంగా రాశారు గానీ, తలుపు మీద "తాకరాదు" అని రాసి ఉంటే చెయ్యి దురద పెట్టడం మనందరికీ తెలిసిందే. మీరు ఒక పక్కకు లాగితే, అవతలి మనిషి తూకం సరిచేయడానికి రెండో పక్కకు లాగుతాడు. ఆయన మనసులోనూ రెండు పక్కలూ ఉంటాయి. ఒక పక్కంతా మీరే ఆక్రమించేస్తే, ఆయనకు మిగిలేది రెండోదే.

అందుకని మొదటే చెప్పేయండి: "పెట్టుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను బలవంతం చేయను. అసలు మీరేమనుకుంటున్నారో ఎప్పుడూ సరిగ్గా వినలేదు, అది తెలుసుకుందామని వచ్చాను." ఇది పైపైన అంటే పట్టుబడిపోతారు. ఆయన నిజంగానే వద్దంటే ఆ రోజుకు లేచి వచ్చేయడానికి సిద్ధపడే వెళ్లాలి.

నాలుగో అడుగు: అంకె అడగండి, తర్వాత నోరు కట్టేసుకోండి

ఈ అడుగు అన్నిటికంటే ముఖ్యం. తాగుడు అలవాటున్నవాళ్లతో పనిచేసిన విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1983లో ఒక కొత్త మాట రాశారు. వైద్యులు మానమని వాదించిన కొద్దీ రోగి తాగుడును సమర్థించుకుంటున్నాడు, కాబట్టి మారాలన్న మాట రోగి నోటి నుంచే రావాలని. ఆ దారిలో పుట్టిన పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది అంకె అడగడం.

ఒక సాయంత్రం నాన్న వరండాలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నారు. పక్కన కూర్చుని, నా ఇష్టమేమిటో ముందే చెప్పి, అడిగాను.

"నాన్నా, సున్నా నుంచి పది దాకా చెప్పమంటే, ఆ మిషన్ మీకు ఎంత అవసరమంటారు?"

"మూడు" అన్నారు వెంటనే, నన్ను వదిలించుకునే గొంతుతో.

పాత నేనైతే "మూడేనా? కనీసం ఎనిమిదైనా ఉండాలి కదా" అనేదాన్ని. అంటే ఆయన ఎందుకు మూడో ఇంకో అరగంట వాదించేవారు. ఈసారి తిరగేసి అడిగాను.

"మూడంటున్నారు. ఒకటి అని ఎందుకనలేదు?"

ఆయన చెయ్యి ఆగింది. కళ్లజోడు తుడవడం మానేసి, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. చాలాసేపు ఏమీ అనలేదు. మధ్యలో ఏదో ఒకటి అందించాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

"చిన్నది ఫోన్ చేస్తుంది కదా" అన్నారు చివరికి. చిన్నదంటే నా కూతురు, హాస్టల్లో ఉంటుంది. "అది ఏదో చెప్పి నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఏం చెప్పిందో నాకు తెలీదు."

రెండేళ్లలో నేను చెప్పిన ఏ కారణంలోనూ ఈ మాట లేదు. నాకు తట్టనే లేదు.

ఈ ప్రశ్న ఎందుకు పనిచేస్తుందో చూడండి. "ఎందుకింత తక్కువ?" అంటే మనసు మారకపోవడానికి కారణాలు వెతుకుతుంది. "ఇంకా తక్కువ ఎందుకు కాదు?" అంటే మారడానికి కారణాలు వెతుకుతుంది. వెతుకులాట రెండు చోట్లా ఒకటే, వేసన్ ప్రయోగంలోలా దొరికినవి పోగేసుకునే మనసే. మనం తిప్పింది వెతికే దిక్కును మాత్రమే. ఒకవేళ "సున్నా" అంటే? "ఏం జరిగితే అది ఒకటవుతుంది?" అని అడగండి. అదీ చెప్పకపోతే ఆ రోజుకు చాలు.

జవాబు వచ్చాక చేయాల్సింది ఒకటే. ఆయన చెప్పినదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పండి, ఏమీ కలపకుండా. "అది నవ్వినప్పుడు మీరూ నవ్వుతారు, కానీ దాని మాట మీకు అందట్లేదు." అంతే. "చూశారా, అందుకే నేను చెప్పేది" అన్నారంటే మొత్తం పాడైపోతుంది. తిరిగి చెప్పినప్పుడు మనిషి సాధారణంగా ఇంకొంచెం ముందుకు వెళతాడు. నాన్న అన్నారు: "అది పెద్దదైపోతోంది. ఇప్పుడు చెప్పే మాటలు మళ్లీ చెప్పదు."

అపరిచితుల మీద కూడా ఇలాంటి సంభాషణ పనిచేస్తుందా అంటే, చేస్తుంది. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికాలోని మయామీలో ఇంటింటికీ వెళ్లినవాళ్లు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల ఉన్న వ్యతిరేకత గురించి ఒక్కొక్కరితో సుమారు పది నిమిషాలు మాట్లాడారు. ఉపన్యాసం ఇవ్వలేదు. నలుగురిలో వేరుగా ఉన్నందుకు మిమ్మల్ని ఎవరైనా ఎప్పుడైనా చిన్నచూపు చూశారా అని అడిగి, చెప్పింది విన్నారు. ఆ వ్యతిరేకత తగ్గింది, మూడు నెలల తర్వాత చూసినా ఆ మార్పు నిలిచే ఉంది.

"ఎందుకు" కంటే "ఎలా" అని అడగడం కూడా కొన్ని చోట్ల మేలు, ముఖ్యంగా ఆఫీసు గొడవల్లో. జిప్ ఎలా పనిచేస్తుందో, తాళం ఎలా పనిచేస్తుందో తమకు బాగా తెలుసని చెప్పినవాళ్లను, అయితే అంచెలంచెలుగా వివరించమని అడిగారు రోజెన్‌బ్లిట్, కీల్ అనే ఇద్దరు పరిశోధకులు. 2002లో వచ్చిన ఆ అధ్యయనంలో, వివరించబోయాక తమకు తెలిసింది తక్కువేనని వాళ్లే ఒప్పుకున్నారు. "ఈ పద్ధతి ఎందుకు మంచిది?" అంటే ఉపన్యాసం వస్తుంది. "సోమవారం పొద్దున్న ఇది ఎలా జరుగుతుందో ఒక్కో మెట్టూ చెప్పండి" అంటే ఇద్దరికీ ఖాళీలు కనబడతాయి. దీన్ని మీ ఆలోచన మీద ముందు ప్రయోగించండి. పరువు తీయడానికి వాడితే మాత్రం ఆ మనిషి మళ్లీ మీతో మనసు విప్పడు.

ఐదో అడుగు: అడుగు చిన్నదిగా ఉండాలి

కారణం బయటికొచ్చిన వెంటనే మనకు తొందర పుడుతుంది. "అయితే రేపటి నుంచి రోజంతా పెట్టుకోండి" అంటాం. వద్దు. "ఇప్పుడేం చేద్దామంటారు?" అని ఆయన్నే అడగండి. నాన్న, "ఆదివారం అది ఫోన్ చేసినప్పుడు ఒక్కసారి పెట్టి చూస్తా" అన్నారు. ఇరవై నిమిషాల పని.

చిన్న అడుగు పెద్దదానికి దారి తీస్తుందని 1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే పరిశోధకులు కాలిఫోర్నియాలో చూపించారు. ఇంటి ముందు "జాగ్రత్తగా నడపండి" అనే పెద్ద, వికారమైన బోర్డు పాతనిస్తారా అని అడిగితే నూటికి 17 మందే ఒప్పుకున్నారు. రెండు వారాల ముందు ఇలాంటిదే మూడంగుళాల చిన్న బోర్డు పెట్టడానికి ఒప్పుకున్న ఇళ్ల దగ్గర ఆ సంఖ్య 76. చిన్న పని చేశాక, "నేను ఇలాంటివి పట్టించుకునే మనిషిని" అని తనను తాను చూసుకోవడం మొదలవుతుందని వాళ్ల వివరణ. మొదటి అడుగులో చెప్పిన గీటురాయి ఇక్కడే అక్కరకొస్తుంది. తర్వాత అడగబోయే పెద్ద కోరికను దాచిపెట్టి చిన్నది అడగడం వల వేయడమే.

అలవాటు పడడానికి ఎంత కాలం పడుతుందో కూడా ముందే మాట్లాడుకోండి. కొత్తగా మిషన్ పెట్టుకున్నవాళ్లకు ఫ్యాన్ చప్పుడు, గిన్నెల చప్పుడు, కాగితం మడతపెట్టే చప్పుడు, చివరికి తమ గొంతు కూడా వింతగా, పెద్దగా వినిపిస్తాయి. ఏళ్లుగా వినని ఆ శబ్దాల్లో దేన్ని పట్టించుకోవాలో, దేన్ని వదిలేయాలో మెదడు మళ్లీ నేర్చుకోవాలి, దానికి వారాలు పడుతుంది. నాన్న మొదటిసారి వారానికే తీసేయడంలో మొండితనం ఏమీ లేదు. ఆ వారం అలా ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే. మెదడు మాత్రం సర్దుకుంటుంది. 1890ల్లో జార్జ్ స్ట్రాటన్ అనే సైకాలజిస్ట్ లోకమంతా తలకిందులుగా కనబడే అద్దం కంటికి కట్టుకుని ఎనిమిది రోజులు గడిపారు. మొదట్లో చెయ్యి ఒక చోటికి పెట్టబోతే ఇంకో చోటికి పోయేది. చివరి రోజులకు ఇంట్లో తేలిగ్గానే తిరగగలిగారు.

అలవాట్ల విషయంలో లండన్ పరిశోధకులు 2010లో ప్రచురించిన లెక్క ఒకటుంది. 96 మంది రోజూ ఒక చిన్న కొత్త పని చేస్తే, అది ఆలోచించకుండా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు సరిపోతే, ఇంకొందరికి 254 రోజుల దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. ఈ చివరి మాట మీ మనిషికి తప్పకుండా చెప్పండి. ఒక రోజు మానేశాక "ఇక నా వల్ల కాదు" అని వదిలేసేవాళ్లే ఎక్కువ.

"రోజూ చేస్తాను" అనే మాట గాల్లో ఉంటుంది. "పొద్దున్న కళ్లజోడు పెట్టుకోగానే మిషన్ కూడా పెట్టుకుంటాను" అంటే నిలుస్తుంది. ఉన్న అలవాటుకు కొత్తదాన్ని ముడేయండి.

ఆరో అడుగు: గెలిచినట్టు కనబడకండి

మార్పు మొదలయ్యాక "నేను ముందే చెప్పానుగా" అనే మాట మింగేయండి. బహుమతి ఆశ చూపించడం, భయపెట్టడం కూడా అంతే. 1959లో ఫెస్టింగర్, కార్ల్‌స్మిత్ అనే సైకాలజిస్టులు కొందరితో గంటసేపు విసుగు పుట్టించే పని చేయించి, బయటున్నవాళ్లకు అది బాగుందని చెప్పమన్నారు. అలా చెప్పినందుకు కొందరికి 20 డాలర్లు, కొందరికి ఒక్క డాలరు ఇచ్చారు. తర్వాత అడిగితే, ఆ పని నిజంగానే ఫర్వాలేదనిపించిందన్నది ఒక్క డాలరు తీసుకున్నవాళ్లే. ఎక్కువ డబ్బు తీసుకున్నవాళ్లకు తామెందుకు చెప్పారో తెలుసు: డబ్బు కోసం. తక్కువ తీసుకున్నవాళ్లకు అలాంటి సాకు లేదు, అందుకని మనసే సర్దుకుంది. బయటి కారణం పెద్దదైతే, లోపలి కారణం ఎదగదు.

అందుకే నాన్న మిషన్ పెట్టుకున్న ఆదివారం మేమెవరం చప్పట్లు కొట్టలేదు. ఫోన్ అయ్యాక, "ఏమంది?" అని మాత్రం అడిగాను. అరగంట చెప్పారు.

అదే పని మీ మీద జరుగుతున్నప్పుడు

మీ మనసూ ఇలాగే కదులుతుంది, కదిలించేవాళ్లందరూ మీ మేలు కోరరు. రెండు జాగ్రత్తలు చాలు. మొదటిది అంకెల విషయం. త్వర్‌స్కీ, కానెమన్ అనే సైకాలజిస్టులు 1974లో రాసిన ప్రయోగంలో, ఒక చక్రం తిప్పి, ఆ తర్వాత ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు నూటికి ఎన్ని అని అడిగారు. చక్రం 10 మీద ఆగిన గుంపు అంచనా 25, అది 65 మీద ఆగిన గుంపు అంచనా 45. జీతమైనా ధరైనా గడువైనా, అవతలివాళ్లు అంకె చెప్పకముందే మీ అంకె రాసుకుని వెళ్లండి. రెండోది, పదే పదే విన్న మాట నిజంలా అనిపిస్తుంది. ఇది 1977లోనే ప్రయోగాల్లో తేలింది. ఏదైనా "అందరికీ తెలిసిందేగా" అనిపించినప్పుడు, దీన్ని మొదట ఎవరు చెప్పగా విన్నానో గుర్తు చేసుకోండి.

ఆ వరండా సంభాషణలో నాన్న ఇంకో మాట కూడా అన్నారు. "నువ్వు వంటింట్లోంచి మాట్లాడతావు, నా మొహం చూసి మాట్లాడవు." మిషన్ గురించి చెప్పినప్పుడల్లా ఆయన "మీరే గొణుగుతున్నారు" అన్నది ఇదేనని అప్పటిదాకా నాకు తెలియలేదు. ఇప్పుడు ఆయన పొద్దున్నే కళ్లజోడుతో పాటు మిషన్ పెట్టుకుంటారు, పేపరు చదివేటప్పుడు తీసేస్తారు. ఆ సమయంలో ఏదైనా చెప్పాల్సి వస్తే స్టవ్ కట్టేసి, వెళ్లి ఆయన ముందు నిలబడి చెబుతున్నాను.